ఒక్కడే రెండు టెర్మినళ్లు తెరిస్తే గంటలు రెండింతలా?

పానగల్ లైనక్స్ (నల్లగొండ): డిగ్రీ కాలేజీ ల్యాబు. ఒకటే ఉబుంటు సర్వరు, పిల్లలు తమ సిస్టం నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తోని (దూరం నుంచి సర్వర్ మీద పనిచేయనిచ్చే ప్రోగ్రాం) లాగిన్ అయితరు. నెలల ఎవరు ఎన్ని గంటలు ఉన్నరో షెల్ స్క్రిప్టుతోని (కమాండ్లు వరుసగ రాసిన ఫైలు) తీసి ప్రాక్టికల్ హాజరుకు వాడుదామన్నది ప్రతిపాదన. ఎవరు ఎప్పుడు లాగిన్, లాగౌట్ అయిండ్రో చూపే లాస్ట్ కమాండు ఒక్కో వరుస చివర బ్రాకెట్ల ఇచ్చే సమయాలను కూడితే సరిపోతదా? సరిపోదనేటోళ్లు లెక్కతోని చెప్పుండ్రి.

పాలమూరు షెల్ (మహబూబ్‌నగర్): కొత్త స్క్రిప్టు ఎందుకన్నా? ఏసీసీటీ ప్యాకేజీ వేసుకుంటే లాగిన్ గంటలను కూడే ఏసీ కమాండు వస్తది. దానికి పీ ఆప్షన్ ఇస్తే యూజర్‌వారీగ, డీ ఇస్తే రోజువారీగ మొత్తం చూపిస్తది. గంటలు దశాంశాలల్ల ఉంటయి: 2.50 అంటే రెండున్నర గంటలు, 2 గంటల 50 నిమిషాలు కాదు. రిజిస్టర్ల ఎక్కించేటప్పుడు ఎక్కువమంది తప్పేది ఆడనే.

స్క్రిప్టే కావాలంటే రెండు చూసుకో. రోజు దాటిన సెషన్ (ఒక లాగిన్ నుంచి లాగౌట్ దాక) లాస్ట్‌ల 1+02:30 అని వస్తది. కోలన్ దగ్గర మాత్రమే విడగొడితే ఆక్ (వరుసలను ఫీల్డులుగ, అంటే ముక్కలుగ విడగొట్టే ప్రోగ్రాం) దాన్ని 1 గంట అనుకుంటది, ఇరవై ఆరున్నర గంటలు గంటన్నర అయిపోతయి. బ్యాష్ షెల్‌ల కూడితే 08, 09 దగ్గర ఆగిపోతది. ముందు సున్నా ఉంటే ఆక్టల్ (8 మూలం లెక్క, దాంట్ల 8, 9 అంకెలుండవు) అని లెక్కిస్తది. అంకె ముందు 10# (పది మూలం అని) పెట్టాలె.

వాడపల్లి సంగమం (మిర్యాలగూడ): ఏసీ చాలదు తమ్మీ. ఒక పిల్లగాడు 10 నుంచి 12 దాక ఒక టెర్మినల్, 11 నుంచి 1 దాక ఇంకోటి తెరిచిండు. ఏసీ 4 గంటలంటది. మనిషి కూసున్నది 3 గంటలే. నాలుగు విండోలు తెరిచి పెట్టుకున్నోనికి నాలుగింతల హాజరు పడితే, ఒక్క విండోల బుద్ధిగ పనిచేసేటోనికి అన్యాయం కాదా?

చెయ్యాల్సింది ఇది. లాస్ట్‌కు పెద్ద ఎఫ్, పెద్ద ఆర్, చిన్న డబ్ల్యూ ఆప్షన్లు ఇయ్యాలె. ఎఫ్‌తోని సంవత్సరం, సెకన్లు వస్తయి. ఆర్ హోస్ట్ కాలమ్ (ఏ సిస్టం నుంచి వచ్చిండ్రో చెప్పేది) తీసేస్తది. అది ఒక వరుసల ఉండి ఒక వరుసల లేకపోతే ఫీల్డులన్నీ జరుగుతయి. డబ్ల్యూతోని పొడుగు పేర్లు తెగవు. అప్పుడు 3 నుంచి 7 ఫీల్డులు లాగిన్ తేదీ, 9 నుంచి 13 లాగౌట్ తేదీ. రీబూట్ వరుసలు, కింద లాగ్ ఫైలు ఎప్పుడు మొదలైందో చెప్పే వరుస తీసెయ్యి. తేదీలను ఎపోక్ సెకన్లు (1970 జనవరి 1 నుంచి లెక్క) చెయ్యనీకి వరుసకొకసారి డేట్ కమాండును పిలవకు, వేల వరుసలుంటే నత్తనడకే. తేదీలున్న ఫైలు మొత్తం డేట్‌కు చిన్న ఎఫ్ ఆప్షన్‌తోని ఒక్కసారే ఇయ్యి. యూజర్ పేరు, ఆరంభం మీద సార్ట్ చేసి, కొత్త ఆరంభం ఇప్పటిదాక ఉన్న ముగింపు కన్నా ముందు పడి, కొత్త ముగింపు దానికన్నా ఆలస్యమైతే ముగింపును అక్కడికి జరుపు. ఆరంభం ఆ ముగింపు తర్వాత పడితే పాత ముక్క కూడుకొని కొత్త ముక్క మొదలుపెట్టు.

పాలమూరు షెల్: హాజరుకైతే ఒప్పుకుంటనన్నా. కానీ సర్వర్ మీద కనెక్షన్ల భారం ఎంతుందో చూడాలంటే 4 గంటలే సరైన లెక్క. ఏసీ తప్పు చెప్తలేదు, అడిగే ప్రశ్న వేరే.

జములమ్మ వాగు (గద్వాల): మీ ఇద్దరి లెక్కలకూ అడుగున ఉన్న ముగింపు టైమే నమ్మదగ్గది కాదు. ల్యాబుల కరెంట్ పోయింది, సర్వర్ యూపీఎస్ మీద నడుస్తున్నది అనుకోండి. పిల్లగాని సిస్టం చచ్చినట్టు సర్వర్‌కు తెల్వదు. టీసీపీ కీపలైవ్ (అవతలి సిస్టం బతికుందా అని చూసే పద్ధతి) మామూలు సెట్టింగుల 7200 సెకన్లు ఆగి, ఆ తర్వాత 75 సెకన్లకొకటి చొప్పున 9 సార్లు తట్టి చూస్తది. అంటే ఖాళీగ ఉన్న కనెక్షన్‌కు 2 గంటల 11 నిమిషాల దాక దొంగ హాజరు. ఎస్‌ఎస్‌హెచ్‌డీ (సర్వర్ మీది ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం) కాన్ఫిగ్‌ల క్లయింట్‌అలైవ్‌ఇంటర్వల్ 60, కౌంట్‌మ్యాక్స్ 3 పెడితే మూడు నాలుగు నిమిషాలల్ల తెంపేస్తది.

సర్వరే పడిపోతే ఇంకా ఘోరం. లాస్ట్‌ల ఆ సెషన్ ముందర క్రాష్ అని వస్తది, సమయం మాత్రం మళ్ల బూట్ అయినదాక లెక్కిస్తది. సాయంత్రం 4కు పోయి పొద్దున 9కి పెడితే 17 గంటలు ఉత్తగ కలుస్తయి. 9వ ఫీల్డుల క్రాష్ ఉంటే ఆ వరుసను వేరే ఫైల్ల రాయుండ్రి, మొత్తంల కలపకుండ్రి. డౌన్ వేరే, అది షట్‌డౌన్ టైము, నమ్మొచ్చు.

పానగల్ లైనక్స్: నెల మారేటప్పుడు?

వాడపల్లి సంగమం: లాగ్ ఫైళ్లను మార్చే లాగ్‌రొటేట్ మామూలుగ నెలకొకసారి డబ్ల్యూటీఎంపీని (లాస్ట్ చదివే లాగిన్, లాగౌట్ల ఫైలు) మార్చి, పాతది ఒక్కటే ఉంచుతది. రాత్రి దాటిన సెషన్ లాగిన్ పాత ఫైల్ల, లాగౌట్ కొత్త దాంట్ల పడుతది. రికార్డులు సమాన సైజువి కాబట్టి పాతది ముందు, కొత్తది వెనుక క్యాట్ కమాండుతోని ఒక ఫైలు చేసి, చిన్న ఎఫ్‌తోని లాస్ట్‌కు ఇయ్యి. రెండు నెలల కింది లెక్క కావాలంటే ఆ ఫైలే ఉండదు, కాబట్టి ఎన్ని పాతవి ఉంచాలో చెప్పే రొటేట్ సంఖ్య 12 చెయ్యి.

జములమ్మ వాగు: టీఎంఔట్ (ఇన్ని సెకన్లు ఊకె ఉంటే బయటికి పంపే సెట్టింగు) 900 పెట్టినా బ్యాష్ ప్రాంప్ట్ దగ్గర ఉన్నోళ్లనే బయటికి పంపుతది, వీఐ ఎడిటర్ తెరిచి పోయినోళ్లను కాదు. అందుకే ఈ గంటలను మార్కులకు కలుపుడు నేనైతే ఒప్పుకోను. ఎవరు ఖాతా మరీ తక్కువ వాడిండ్రో చూసి పిలిచి అడగనీకి వాడుండ్రి.