జెనెసిస్ బృందాన్ని రెండుగా విడదీసే గీత ఎక్కడ ఉంది?

రెండో షిఫ్టు:

ఇంగ్లండ్‌కు చెందిన జెనెసిస్ బృందాన్ని మొదటి నుంచీ శ్రద్ధగా విన్నవారు ఇక్కడ కొందరు ఉన్నారని పాత చర్చలు చూస్తే తెలిసింది కాబట్టి, చాలాకాలంగా తేలని ఒక సందేహాన్ని మీ ముందు పెడుతున్నాను. నాకు ఈ బృందం 1986లో వచ్చిన ‘ఇన్విజిబుల్ టచ్’ ఆల్బమ్‌తో పరిచయమైంది. డ్రమ్ముల మోత, ఒక్కసారి వింటే నోటికి వచ్చే పల్లవి, ఫిల్ కాలిన్స్ గొంతు, ఇంతే జెనెసిస్ అనుకున్నాను. ఆ తర్వాత 1972 నాటి ‘ఫాక్స్‌ట్రాట్’ విన్నాను. అందులో సుమారు 23 నిమిషాల పాటు ఏడు భాగాలుగా సాగే ‘సప్పర్స్ రెడీ’ విన్నాక, ఈ రెండు రికార్డుల మీదా ఒకే పేరు ఎలా ఉందో అర్థం కాలేదు.

అభిమానుల్లో ఎక్కువమంది 1975లో గాయకుడు పీటర్ గేబ్రియల్ వెళ్లిపోవడంతోనే అసలు జెనెసిస్ ముగిసిందని, తర్వాత మైకు పట్టిన కాలిన్స్ బృందాన్ని రేడియో పాటలకు అమ్మేశాడని అంటారు. కానీ గేబ్రియల్ లేకుండా 1976లో చేసిన ‘ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్’ నా చెవికి ‘ఫాక్స్‌ట్రాట్’కు దగ్గరగానే వినిపిస్తోంది. అలాంటప్పుడు గీత నిజంగా ఎక్కడ గీయాలి? కాలిన్స్ మీద వేసే నింద న్యాయమైనదేనా? నచ్చింది, నచ్చలేదు అన్న మాటతో ఆపకుండా, ఏ పాటలో ఏది మారిందో చూపిస్తూ చెప్పగలరని మనవి.

పాత ఎల్పీలు:

నా ఓటు 1975కే. అయితే అందుకు కారణం గొంతు మారడం కాదు, పాటలో కథ చెప్పే మనిషి మారడం. గేబ్రియల్ ఉన్నప్పుడు ప్రతి పెద్ద పాటలోనూ పాడేది ఒక పాత్ర. ‘ద మ్యూజికల్ బాక్స్’లో చనిపోయిన పిల్లవాడు ముసలివాడై తిరిగి వస్తాడు. ఆ ముసలివాడి ముసుగు తొడుక్కుని గేబ్రియల్ వేదిక మీద వణుకుతూ పాడేవాడు. 1972లో డబ్లిన్ కచేరీలో మిగతా సభ్యులకు ముందుగా చెప్పకుండా నక్క తలా, భార్య ఎర్ర గౌనూ వేసుకుని వచ్చాడన్నది అందరికీ తెలిసిన సంగతే. దీన్ని పటాటోపం అని కొట్టిపారేసేవారు ఉన్నారు. ఆ వేషాలు తీసేసినా పాటలో పాత్ర మిగిలే ఉంటుందన్నది నా సమాధానం, ఎందుకంటే మనం ఇళ్లలో విన్నది రికార్డులే తప్ప వేషాలు కావు.

1974 నాటి రెండు డిస్కుల ఆల్బమ్ ‘ద ల్యాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే’లో ఇది పరాకాష్ఠకు చేరింది. న్యూయార్క్ వీధుల్లో తిరిగే రాయెల్ అనే ప్యూర్టోరికన్ కుర్రవాడి కథ అది. హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మిగతా నలుగురూ ఒక గదిలో సంగీతం కడుతుంటే గేబ్రియల్ వేరే గదిలో ఒంటరిగా సాహిత్యం రాశాడు. ఒక్క పాట సాహిత్యం తప్ప తక్కినదంతా అతనిదే. చీలిక అక్కడే కనబడుతుంది. అదే సమయంలో మొదటి బిడ్డ పుట్టుక కష్టమై అతను ఆసుపత్రికీ స్టూడియోకీ మధ్య తిరగవలసి వచ్చింది. ఆ పర్యటన పూర్తిచేసి 1975లో తప్పుకున్నాడు. ఆ తర్వాత జెనెసిస్‌లో మంచి పాటలు లేవని నేను అనను. రాయెల్ లాంటి మనిషి మాత్రం మళ్లీ రాలేదు.

చాపుతాళం:

పాత ఎల్పీలు గారు సాహిత్యం వైపు నుంచి చూస్తున్నారు, నేను లయ వైపు నుంచి చూస్తాను. అటునుంచి చూస్తే 1975లో గీత కనబడదు.

‘సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్’ (1973)లో ‘ద సినిమా షో’ వినండి. మొదటి సగం పన్నెండు తీగల గిటార్ల మీద మెల్లగా నడుస్తుంది. రెండో సగంలో కాలిన్స్, బాస్ వాయించే మైక్ రూథర్‌ఫర్డ్ ఏడు అక్షరాల ఆవృత్తం పట్టుకుని కొన్ని నిమిషాల పాటు వదలరు, దాని మీద టోనీ బ్యాంక్స్ సింథసైజర్ ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోతుంది. మిశ్రచాపుకు అలవాటుపడిన మన చెవికి అది లెక్కలా అనిపించదు, నడకలా అనిపిస్తుంది. ఆ భాగంలో గేబ్రియల్ గొంతు లేనే లేదన్నది గమనించవలసిన విషయం. ‘సప్పర్స్ రెడీ’లో తొమ్మిది అక్షరాల భాగం కూడా అలాంటిదే. కింద గిటార్, డ్రమ్స్ తొమ్మిదిని బిగించి ఉంచితే, పైన బ్యాంక్స్ ఆర్గాన్ ఆ లెక్కకు లొంగకుండా తన దారిన తిరిగి వస్తుంది. 1976లో ‘డ్యాన్స్ ఆన్ ఎ వాల్కేనో’ మొదలయ్యేది కూడా ఏడు అక్షరాలతోనే. రచయితలుగా ఒక్కొక్కరి పేరూ విడిగా వేయడం ‘ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్’తోనే మొదలైంది. ఆ ఆల్బమ్‌లోని ఎనిమిది పాటల్లోనూ బ్యాంక్స్ పేరు ఉంది. ప్రశ్న అడిగినవారికి రెండు ఆల్బమ్‌లు దగ్గరగా వినిపించడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం: వెళ్లిపోయింది ముందు నిలబడ్డ మనిషి, స్వరాలు పేర్చే మనిషి ఎక్కడికీ పోలేదు.

ఇక కాలిన్స్ ఎక్కడి నుంచో ఊడిపడి మైకు లాక్కున్నాడన్న భావన కూడా సరికాదు. 1970లో డ్రమ్మర్‌గా చేరిన అతను మరుసటి ఏడాదే ‘ఫర్ ఆబ్సెంట్ ఫ్రెండ్స్’ అనే చిన్న పాటను ఒంటరిగా పాడాడు, 1973లో ‘మోర్ ఫూల్ మీ’ పాడాడు. గేబ్రియల్ వెళ్లాక ఎందరో గాయకులను పరీక్షించి, ఎవరూ కుదరకే చివరికి అతన్ని నిలబెట్టారు.

గిటారు తీగ:

మీరిద్దరూ ఒక మనిషిని మరచిపోయారు. జెనెసిస్ చర్చల్లో ఎప్పుడూ జరిగేదే ఇది, ఆయన వేదిక మీద కుర్చీలో కూర్చుని వాయించినప్పుడూ ఎవరూ పట్టించుకోలేదు!

గిటారిస్టు స్టీవ్ హ్యాకెట్ 1977లో తప్పుకోవడమే నా దృష్టిలో అసలైన గీత. ‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’లో జరిగేది ఒకసారి నెమ్మదిగా గమనించండి. పాట మధ్యలో ఒక రాగాన్ని గేబ్రియల్ వేణువు మీద వినిపిస్తాడు, సన్నగా, పియానో తోడుగా. కొంతసేపటికి అదే రాగాన్ని హ్యాకెట్ గిటార్ మీద అందుకుంటాడు. వేగం చూపించాలన్న ఆరాటం ఎక్కడా ఉండదు. ఒక్కో స్వరాన్ని అది ఎక్కడ ఆరిపోతుందో తెలియనంత సేపు నిలబెట్టి, వెనుక మెలోట్రాన్ (టేపు మీద రికార్డు చేసిన వాయిద్యాల ధ్వనులను మోగించే కీబోర్డు) ఉప్పొంగుతుంటే దాని మీదుగా తేలిపోతాడు. రాగం బ్యాంక్స్‌ది, నిజమే. కానీ దాన్ని పియానో మీద ఊహించుకుని చూడండి, సగం కూడా మిగలదు. 1976 చివర్లో వచ్చిన ‘విండ్ అండ్ వదరింగ్’లో ‘బ్లడ్ ఆన్ ద రూఫ్‌టాప్స్’ మొదట్లో నైలాన్ తీగల మీద ఆయన వాయించిన భాగం ఆ బృందం మొత్తం చరిత్రలోనే నాకు అత్యంత ఇష్టమైనది.

తన రచనలకు తగినంత చోటు దొరకడం లేదన్న అసంతృప్తితో, ‘సెకండ్స్ అవుట్’ కచేరీ ఆల్బమ్ మిక్సింగ్ జరుగుతుండగా ఆయన బయటకు నడిచాడు. మరుసటి ఏడాది మిగిలిన ముగ్గురూ ఆల్బమ్‌కు ‘అండ్ దెన్ దేర్ వర్ త్రీ’ అని పేరు పెట్టుకున్నారు. అందులోని ‘ఫాలో యూ ఫాలో మీ’ పెద్ద హిట్ అయింది. స్టూడియోలో గిటార్ బాధ్యత అప్పటికే బాస్ వాయిస్తున్న రూథర్‌ఫర్డ్ మీద పడింది. ఆయన మంచి పాటలు కట్టగలడు, లయకు తగినట్టు గిటార్ కొట్టగలడు, కానీ కీబోర్డుతో సమానంగా వాదించగల రెండో గొంతు ఆ బృందంలో అక్కడితో పోయింది. ఆ తర్వాత ఎక్కడ విన్నా గిటార్ కీబోర్డు నీడలోనే ఉంటుంది.

రాత్రి స్టూడియో:

నేను మైనారిటీ పక్షాన్ని. 1980 తర్వాతి జెనెసిస్‌ను సిగ్గుపడకుండా ఇష్టపడేవారిలో ఒకడిని. అందువల్ల రెండు విషయాలు కాస్త వివరంగా చెప్పనివ్వండి.

మొదటిది, ‘అమ్ముడుపోయారు’ అన్న నింద. 1980లో ‘డ్యూక్’ నుంచి వచ్చిన ‘టర్న్ ఇట్ ఆన్ అగైన్’ బ్రిటన్‌లో మొదటి పది స్థానాల్లోకి వెళ్లింది. రేడియోలో అది మామూలు రాక్ పాటలాగే దూసుకుపోతుంది. కానీ లెక్కపెట్టి చూడండి, దాని ప్రధాన ఆవృత్తం పదమూడు అక్షరాలు. కచేరీలో చప్పట్లు కొట్టేవారు ఆవృత్తం తిరిగే చోట తప్పకుండా తడబడతారు. నిజానికి అది అరగంట పొడవున్న ఒకే రచనలో చిన్న లంకెగా పుట్టింది. తర్వాత ఆ రచనను విడగొట్టి ఆల్బమ్ అంతటా సర్దారు. డబ్బు కోసం తేలిక పాట చేయాలనుకున్నవాడు పదమూడు అక్షరాలతో ఎందుకు చేస్తాడు? ‘ఇన్విజిబుల్ టచ్’లోనూ పది నిమిషాలు దాటిన ‘డామినో’ ఉంది. రేడియో దాన్ని వేయలేదు కాబట్టి లేనట్టే చెలామణి అవుతోంది.

రెండోది, ఆ ‘ఎనభైల డ్రమ్ముల మోత’. దీనికి కాలిన్స్‌ను తిట్టడం అలవాటైపోయింది కానీ, అది పుట్టింది గేబ్రియల్ ఆల్బమ్‌లో. 1980లో వచ్చిన అతని మూడో సోలో ఆల్బమ్ కోసం లండన్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో కాలిన్స్ డ్రమ్స్ వాయిస్తున్నాడు. అక్కడి కన్సోల్‌లో, వాయిద్యకారులు గదిలోంచి మాట్లాడే మాట ఇంజనీరుకు వినిపించడానికి పైన వేలాడదీసిన ఒక మైకు ఉంటుంది. ఎంత చిన్న మాటైనా వినబడేలా దానికి గట్టి కంప్రెసర్ బిగించి ఉంటుంది. ఆ మైకు తెరిచి ఉండగా కాలిన్స్ డ్రమ్ము మీద కొట్టేసరికి గది ప్రతిధ్వని మొత్తం ఉబ్బి బయటకు వచ్చింది. ఇంజనీరు హ్యూ ప్యాడ్గమ్ ఆ ప్రతిధ్వని మెల్లగా ఆరిపోకుండా నాయిస్ గేట్‌తో టక్కున తెగిపోయేలా చేశాడు. సింబల్స్ (డ్రమ్ముల పక్కన ఉండే లోహపు పళ్లాలు) వాడవద్దన్నది గేబ్రియల్ పెట్టిన నియమం, దానివల్ల ఆ దెబ్బల మధ్య నిశ్శబ్దం మరింత స్పష్టంగా మిగిలింది. ఆ ఆల్బమ్ మొదటి పాట ‘ఇన్‌ట్రూడర్’లో ఆ ధ్వని వినవచ్చు. మరుసటి ఏడాది కాలిన్స్ ‘ఇన్ ది ఎయిర్ టునైట్’తో అది ప్రపంచమంతా పాకింది, అదే ఏడాది ప్యాడ్గమ్ జెనెసిస్ ‘అబకాబ్’కు పనిచేశాడు. అంటే విడిపోయారనుకున్న ఇద్దరూ ఒకే గదిలో కొత్త దశాబ్దపు ధ్వనిని తయారుచేశారు. 1986 జూలైలో అమెరికా పట్టికలో ‘ఇన్విజిబుల్ టచ్’ పాటను మొదటి స్థానం నుంచి దించింది గేబ్రియల్ పాట ‘స్లెడ్జ్‌హ్యామర్’. పాప్ వైపు నడిచినందుకు ఒకరిని ద్రోహి అని, మరొకరిని దార్శనికుడు అని అనడంలో న్యాయం నాకు కనబడదు.

పాత ఎల్పీలు:

రాత్రి స్టూడియో గారి చరిత్ర సరైనదే, దాని నుంచి తీసిన తీర్పుతో ఏకీభవించలేను. డ్రమ్ము ధ్వని ఒకటే అయినంత మాత్రాన దానితో చేసిన పని ఒకటి కాదు. ‘ఇన్‌ట్రూడర్’లో ఆ దెబ్బలు రాత్రిపూట పరాయి ఇంట్లోకి చొరబడే మనిషి అడుగుల్లా భయపెడతాయి. ‘ఇన్విజిబుల్ టచ్’లో డ్రమ్ములు ఊపు కోసం మాత్రమే ఉన్నాయి. గేబ్రియల్ పాప్ పాట చేసినప్పుడు కూడా మిగతా ఆల్బమ్‌లో కొత్త దేశాల సంగీతం కోసం వెతికాడు. వోమాడ్ అనే ప్రపంచ సంగీత ఉత్సవం మొదలుపెట్టి అప్పుల్లో కూరుకుపోతే, 1982లో పాత జెనెసిస్ మిత్రులే మిల్టన్ కీన్స్‌లో అతనితో కలిసి కచేరీ చేసి గట్టెక్కించారు. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్, కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో చేసిన ‘డ్రీమ్’ 1995లో వెలువడింది గేబ్రియల్ రికార్డు సంస్థ రియల్ వరల్డ్ నుంచే. ఆ వెతుకులాట ముగ్గురి జెనెసిస్‌లో నాకు కనబడదు.

చాపుతాళం:

‘మామా’ (1983) కూడా ఊపు కోసమేనా? రూథర్‌ఫర్డ్ లిన్ డ్రమ్ మెషీన్ మీద కట్టిన ఆ వంకర లయ, దాని మీద కాలిన్స్ పిచ్చి నవ్వు, చాలాసేపటికి గానీ రాని అసలు డ్రమ్ములు, ఇవన్నీ వింటే అందులో ఉన్నది ఒక పాత్రే. తన మనసును ఒక స్త్రీ మీద పెట్టుకుని కుళ్లిపోతున్న మనిషి. మీరు వెతుకుతున్న వేషం అక్కడ ముసుగు లేకుండానే ఉంది.

పాత ఎల్పీలు:

‘మామా’ను ఒప్పుకుంటాను. ఒక్కదాన్నే.

రెండో షిఫ్టు:

అందరికీ ధన్యవాదాలు. మీ మాటలు చదివాక నాకు ఒక గీత కాక మూడు గీతలు కనబడుతున్నాయి: కథ 1975లో, గిటార్ 1977లో, ధ్వని 1981లో. కాలిన్స్ మీద నింద మాత్రం నిలవదని అనిపిస్తోంది, ఎందుకంటే మూడింటిలో మొదటి రెండూ ఇతరులు వెళ్లిపోవడం వల్ల వచ్చినవి, మూడోది గేబ్రియల్ ఆల్బమ్‌లో మొదలైంది. ‘ద ల్యాంబ్’ ఇంకా పూర్తిగా వినలేదు. 2007, 2008 సంవత్సరాల్లో నిక్ డేవిస్ పాత ఆల్బమ్‌లను మళ్లీ మిక్స్ చేశారని చూశాను. దేనితో మొదలుపెట్టమంటారు?

గిటారు తీగ:

‘ద ల్యాంబ్’ అయితే పాత మిక్స్‌తోనే మొదలుపెట్టండి. కొత్త మిక్స్‌లో ఒక్కో వాయిద్యం విడివిడిగా తేటగా వినబడుతుంది, కానీ ఆ ఆల్బమ్‌లోని మసక, ఇరుకు కథకు అవసరమని నా నమ్మకం. ‘ఫాక్స్‌ట్రాట్’కు మాత్రం కొత్తదే మేలు, రూథర్‌ఫర్డ్ కాలితో తొక్కే బాస్ పెడల్స్ అందులో స్పష్టంగా అందుతాయి. ‘ద ల్యాంబ్’ రెండో డిస్కు మధ్యలో కథ అర్థం కాక విసుగొస్తే ఆపేయకండి, కవరు లోపల గేబ్రియల్ రాసిన కథ అచ్చయి ఉంటుంది, దాన్ని పక్కన పెట్టుకుని వినండి. అప్పటికీ అంతా అర్థం కాదు, మాకూ కాలేదు.