అమెరికా ప్రయాణం: చేతిలో ఎన్ని డాలర్లు, పెట్టెలో ఏమేమి?

ప్రశ్న (తణుకు నుంచి)

నమస్కారమండీ. వచ్చే నెల నేనూ మావారూ డాలస్‌లో ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. కోడలికి ఇప్పుడు ఏడో నెల. పురుడు పోసి, బిడ్డకు కొన్ని నెలలు వచ్చేదాకా అక్కడే ఉంటాం. పదివేల డాలర్లకు మించి తీసుకెళ్ళనివ్వరని ఒకరు, తలకు పదివేలని ఇంకొకరు చెబుతున్నారు. కోడలికి గొలుసు, పుట్టబోయే బిడ్డకు మురుగులు చేయించాను. సామానులో ఆవకాయ, కోడి పచ్చడి, జంతికలు, కొత్త బియ్యం, పెరటి కరివేపాకు ఉన్నాయి. మావారికి షుగరు, బీపీ మందులు వాడాలి. అక్కడి అధికారులు అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పలేం. తెలిసినవారు వివరంగా చెప్పండి.

జవాబు (రాజమండ్రి నుంచి)

అమ్మా, నేను బ్యాంకులో విదేశీ మారకద్రవ్యం విభాగంలోనే రిటైరయ్యాను. మీరు విన్న రెండు మాటలూ సరికాదు. అమెరికాలోకి ఎంత డబ్బయినా తీసుకెళ్ళవచ్చు, పరిమితి లేదు. పదివేల డాలర్లు దాటితే మాత్రం ఫిన్‌సెన్ 105 అనే ఫారంలో రాసి ఇవ్వాలి. కలిసి వెళ్ళే కుటుంబానికంతటికీ ఒకే లెక్క. మీ దగ్గర ఆరువేలు, ఆయన జేబులో ఐదువేలు ఉంటే దాటినట్లే. పర్సులోని రూపాయల విలువ కూడా అందులో కలుస్తుంది. దీనికి పన్ను లేదు, రుసుము లేదు. దాచి పట్టుబడితే మాత్రం మొత్తం స్వాధీనం చేసుకుంటారు. ఎన్నో ఏళ్ళు కూడబెట్టిన సొమ్ము ఒక్క ఫారం రాయనందుకు పోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. అందుకే గట్టిగా చెబుతున్నాను.

అసలు పరిమితి మన వైపు ఉంది. ఒక్కో ప్రయాణానికి మనిషికి మూడువేల డాలర్ల వరకే నోట్ల రూపంలో ఇస్తారు. మిగిలినది ఫారెక్స్ కార్డులో, అంటే ముందే డాలర్లు నింపి ఇచ్చే బ్యాంకు కార్డులో, వేయించుకోండి. డాలర్లు కొనేటప్పుడు యాభైవేల రూపాయలు దాటితే నగదు తీసుకోరు, ఖాతా నుంచే చెల్లించాలి. ఆ రసీదు పాస్‌పోర్టుతో పాటే ఉంచండి. మన రూపాయలు మనిషికి పాతికవేల వరకు వెంట ఉండవచ్చు. దిగాక ఇంటికి వచ్చే ఆటోకైనా అవి కావాలి కదా.

బంగారంలో రెండు రకాలు వేరు చేసుకోండి. మీరు వేసుకుని వెళ్ళి, వేసుకుని తిరిగివచ్చే నగలు మీ సొంత వస్తువులు. విలువైనవైతే బయలుదేరేముందు మన విమానాశ్రయంలోని కస్టమ్స్ వారికి చూపించి ధ్రువపత్రం తీసుకోండి. తిరుగు ప్రయాణంలో ‘ఇది అక్కడ కొన్నదా?’ అన్న ప్రశ్న రాదు. గొలుసూ మురుగులూ కానుకల కిందికి వస్తాయి. సందర్శకులకు కానుకల మీద సుంకం మినహాయింపు వంద డాలర్లే. కాబట్టి నగల దుకాణం బిల్లు దగ్గర ఉంచుకుని, ఉన్నదున్నట్లు చెప్పండి. సుంకం వేస్తే కట్టండి.

జవాబు (టెక్సస్‌లోని ప్లేనో నుంచి)

పిన్నిగారూ, తిండి సంగతి నేను చెబుతాను. కోడి పచ్చడి వద్దు. మాంసం ఏ రూపంలో ఉన్నా తీసేస్తారు. బియ్యం కూడా వద్దు. ధాన్యాన్ని తినే ఖాప్రా పురుగు భయంతో మన దేశపు బియ్యాన్ని ప్రయాణికుల సామానులో రానివ్వరు. పచ్చి కరివేపాకుదీ అదే కథ. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగు ఆ ఆకు మీద బతుకుతుంది. మీ పెరటి చెట్టు ఎంత శుభ్రంగా ఉన్నా ఒప్పుకోరు. ఆవకాయ, జంతికలు నిశ్చింతగా తెచ్చుకోండి. ఆవకాయ చేతి సంచిలో కాకుండా పెద్ద పెట్టెలో పెట్టండి. బిడ్డ పేరున పూజకని ఎండుకొబ్బరి చిప్పలు సర్దకండి. నూనె ఉండి మండే గుణం కలది కాబట్టి మన విమానాశ్రయంలోనే ఆపేస్తారు.

తిండి ఉందా అని అడిగితే ఉందనే చెప్పాలి. చెప్పి చూపించాక ఏదైనా పనికిరాదంటే అక్కడే పారేస్తారు, జరిమానా ఉండదు. లేదని చెప్పాక వాసన పట్టే కుక్క మీ పెట్టె దగ్గర కూర్చుంటే, మొదటిసారికే మూడువందల డాలర్లు పడవచ్చు.

మా అత్తమామలు వచ్చేటప్పుడు ఒక్కో పెట్టెలో ఏముందో నేనే ఇంగ్లీషులో రాసి పంపుతాను. ‘మామిడికాయ పచ్చడి, మాంసం లేదు’, ‘బియ్యప్పిండి జంతికలు’ అని వరుసగా ఉంటుంది. ఆ కాగితం పాస్‌పోర్టులో పెట్టుకుని, అడగగానే అధికారి చేతికిస్తారు. మీ అబ్బాయితో అలాగే రాయించుకోండి. ‘తెలుగు’ అని చెబితే ఫోనులో దుబాసీని కలపమని కూడా అడగవచ్చు.

మందులు కంపెనీ పెట్టెల్లోనే ఉండనివ్వండి, డాక్టరు చీటీ ఇంగ్లీషులో తీసుకోండి. మామూలుగా మూడు నెలలకు సరిపడా వరకు ఇబ్బంది ఉండదు.

తణుకు నుంచి మళ్ళీ

ఇద్దరికీ కృతజ్ఞతలండీ. కోడి పచ్చడి మా చెల్లెలికి ఇచ్చేశాను. బాలింతకు శొంఠి, మిరియాలు, పసుపు తీసుకెళ్ళవచ్చా? మా విమానం అబూదాబీ మీదుగా వెళ్తుంది.

జవాబు (ప్లేనో నుంచి)

ఎండినవే కాబట్టి తెచ్చుకోవచ్చు. పొడి కొట్టినవైతే పైన పేర్లు రాయండి. అబూదాబీలోనే అమెరికా అధికారులు తనిఖీ చేసి పంపుతారు, కాబట్టి ఆ కాగితం అక్కడే కావాలి. రెండు విమానాల మధ్య వ్యవధి తక్కువ ఉంటే మాత్రం టికెట్టు మార్పించండి, ఆ వరుస చాలా పొడుగు.