చార్జింగ్ ఎక్కని గోల్ఫ్ కార్ట్: ఒక్క బ్యాటరీ మార్చాలా, ఆరూ మార్చాలా?

ఎర్రముల్లు: 48 వోల్టుల కార్ట్, 8 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఆరు, నాలుగేళ్లవి. మూడు నెలలు కదలకుండా ఉంది. ప్లగ్ పెడితే చార్జర్ టక్‌మనదు, ఆంపియర్ ముల్లు కదలదు. విడివిడిగా రీడింగులు: 6.2, 6.1, 6.3, 6.0, 6.2, 2.4. చార్జర్ పోయినట్టా? లేక ఆరోది మారిస్తే చాలా?

టక్‌టక్: చార్జర్ జోలికి అప్పుడే వెళ్లకండి. మీ మొత్తం 33.2 వోల్టులు; నిండా ఎక్కిన ప్యాక్ (ఆరు బ్యాటరీలూ కలిపి) 50.9 దగ్గర ఉంటుంది. ఆటోమేటిక్ చార్జర్ ముందు ప్యాక్ వోల్టేజ్ చూస్తుంది, మరీ అడుగంటితే రిలేను (కరెంటు కలిపే లోపలి స్విచ్) కలపదు. ఒకసారి కార్ట్ సాకెట్‌లో మీటర్ పెట్టండి. అక్కడా 33.2 వస్తే తీగలు బాగున్నట్టే. సున్నా వస్తే ఫ్యూజో, కాలిన పిన్నో చూడండి.

తర్వాత కార్ట్ స్విచ్ టో (లాక్కెళ్లే స్థితి) మీద పెట్టి, ప్యాక్ మెయిన్ తీగలు రెండూ విప్పండి. ప్లేట్లు మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోయండి. పూర్తి మట్టానికి పోయడం చార్జింగ్ అయ్యాకే, లేకపోతే పొంగి యాసిడ్ బయటికొస్తుంది. బాగున్న మూడింటికి కలిపి 24 వోల్టుల మాన్యువల్ చార్జర్, 5 నుంచి 10 ఆంపియర్లు. 12 వోల్టుల చార్జర్ ఇక్కడ దేనికీ కుదరదు: ఒక్కదానికి ఎక్కువ, రెండింటికి (16) తక్కువ. మిగతావాటికి విడిగా, వోల్టేజ్ సర్దుకోగల పవర్ సప్లైతో 9.6 వోల్టులు, 5 ఆంపియర్లు. మొత్తం 42 దాటాక మెయిన్ తీగలు బిగించి అసలు చార్జర్ పెట్టి చూడండి. ఆరోది ఎక్కకపోతే అదొక్కటే మార్చండి.

హైడ్రోమీటర్: లేపే పద్ధతి సరే, చివరి మాట ఒప్పుకోను. నాలుగేళ్ల ఐదింటి మధ్య కొత్తది పెడితే ఏం జరుగుతుంది? సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి కలిపినప్పుడు) అన్నింటి గుండా ఒకే కరెంటు పోతుంది. వాడేటప్పుడు పాతది ముందు ఖాళీ అవుతుంది, మిగతావి దాన్ని తిరగబడే దాకా, అంటే ప్లస్ మైనస్ తారుమారయ్యే దాకా లాగుతాయి. చార్జర్ చూసేది మొత్తం వోల్టేజే, ఏ బ్యాటరీకి ఎంత కావాలో దానికి తెలియదు. ఇప్పటికే ఆరోది అలా దెబ్బతిన్నదే: 8 వోల్టుల బ్యాటరీలో నాలుగు సెల్లులు, ఒక సెల్ ఖాళీ అయితే రెండు వోల్టుల లోపే తగ్గాలి, 2.4కి పడిందంటే రెండు సెల్లులన్నా కూలాలి, లేదా ఒకటి తిరగబడాలి. ఆరూ మార్చడమే లెక్క.

టక్‌టక్: ఐదింటినీ కొలవకుండా తీర్పు ఎలా ఇస్తారండీ? నిండా ఎక్కించి, కొన్ని గంటలు వదిలేసి, సెల్ సెల్‌కీ స్పెసిఫిక్ గ్రావిటీ (యాసిడ్ ద్రవం సాంద్రత) తీయమనండి. 1.277 దగ్గర ఉంటే నిండినట్టు. సెల్లుల మధ్య తేడా 0.050 దాటితే ఆ బ్యాటరీ పోయినట్టు. ఐదూ సమానంగా ఉంటే, అదే మోడల్, అదే వయసున్న వాడిన బ్యాటరీ పెట్టవచ్చు.

హైడ్రోమీటర్: అదే వయసుదైతే నాకూ అభ్యంతరం లేదు. కానీ గ్రావిటీ బాగున్నా కెపాసిటీ సగానికి పడిపోయి ఉండొచ్చు. లోడ్ మీద చూడాలి. ఎత్తు ఎక్కుతుండగా ఒక్కోదాని మీద మీటర్ ఉంచండి, మిగతావి 7.6 దగ్గర ఉండగా ఒకటి 7.0 కిందికి జారితే దాని పని అయిపోయినట్టే. అలాంటివి రెండు దొరికితే ఇక చర్చే అక్కర్లేదు.

సిలికాన్: చార్జర్‌ను మరీ గాలికొదిలేశారు. ప్యాక్ లేచాక కూడా టక్‌మని, గుయ్‌మంటూ ముల్లు సున్నాలోనే ఉంటే డీసీ ఫ్యూజ్, డయోడ్లు, కెపాసిటర్ ఈ వరుసలో చూడండి. పాత ట్రాన్స్‌ఫార్మర్ రకంలో కెపాసిటర్ పోతే శబ్దం ఉంటుంది, అవుట్‌పుట్ ఉండదు. ప్లగ్ పీకినా దానిలో చార్జి నిలిచి ఉంటుంది, రెసిస్టర్‌తో దింపాకే ముట్టుకోండి. కొన్ని క్లబ్ కార్ మోడళ్లలో చార్జర్‌ను నడిపేది కార్ట్‌లోని కంప్యూటర్, కాబట్టి చార్జర్‌ను వేరే కార్ట్‌కి పెట్టి చూస్తే తేలిపోతుంది.

లిథియం ప్యాక్‌కి పైన చెప్పిన లేపుడు వద్దు. అక్కడ బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) కరెంటు ఆపేసి ఉంటుంది, దానికి తయారీదారు చెప్పిన పద్ధతే.

ఎర్రముల్లు: సాకెట్‌లో 33.2 వచ్చింది. మొదటి మూడింటికి 24 వోల్టుల చార్జర్ తగిలించాను, 6 ఆంపియర్లు తీసుకుంటోంది. గ్రావిటీ, లోడ్ రీడింగులు రెండూ తీసి పెడతాను.