పాత ల్యాప్‌టాప్‌తో యాప్‌లు మొదలుపెట్టొచ్చా, వాయిదాల మీదైనా కొత్తది కొనాలా?

బ్రాడీపేట విద్యార్థి (గుంటూరు):
అందరికీ నమస్కారం. ఆండ్రాయిడ్ యాప్‌లు నేర్చుకుందామనుకుంటున్నా. ఇంట్లో మా అక్క వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ ఉంది. ఐదో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్. యాప్‌లు రాసే సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, టీ తాగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటోంది. నాన్న మిర్చి యార్డులో గుమాస్తా. వాయిదాల మీద కొత్తది కొనిస్తానంటున్నారు, నాకే మనసొప్పట్లేదు. ఏం చేయమంటారు?

పటమట డెవలపర్ (విజయవాడ):
తమ్ముడూ, నాన్న కొనిస్తానంటున్నప్పుడు కొనిపించుకో. స్టూడియో ఒక్కదానికే కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలని గూగుల్ వాళ్లే రాశారు, ఎమ్యులేటర్‌తో (కంప్యూటర్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్) కలిపైతే 16. నీ దగ్గరున్నది 4. నేనూ పాత మిషన్‌తో ఏడాది కుస్తీ పట్టా. బిల్డ్ (రాసిన కోడ్ యాప్‌గా తయారవడం) అయ్యేలోపు ఏం రాద్దామనుకున్నానో మర్చిపోయేవాణ్ని. ఆ ఏడాది నాకు తిరిగి రాలేదు.

గవర్నరుపేట (విజయవాడ):
పటమట అన్న లెక్క కరెక్టే. కానీ ఆ 16 జీబీ ఎమ్యులేటర్ కోసం. చేతిలో ఫోన్ ఉండగా ఎమ్యులేటర్ ఎందుకు? సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెడితే యాప్ నేరుగా ఫోన్‌లోనే నడుస్తుంది. కేబుల్ మాత్రం డేటా వెళ్లేదై ఉండాలి. ఛార్జింగ్‌కి తప్ప పనికిరాని కేబుల్‌తో నాకు రెండు రోజులు పోయాయి.

ముందు హార్డ్‌డిస్క్ తీసేసి సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) వేయించు. నిన్ను ఏడిపిస్తున్నది ప్రాసెసర్ కంటే ఆ డిస్కే. యాప్‌ని బిల్డ్ చేసే గ్రేడిల్‌కి వేల చిన్న ఫైళ్లు కావాలి, తిరిగే డిస్క్ వాటిని ఒక్కోటీ వెతుక్కుంటూ పోవాలి. పైగా ర్యామ్ చాలనప్పుడు విండోస్ ఆ బరువూ డిస్క్ మీదే వేస్తుంది. తర్వాత ర్యామ్ 8కి పెంచు. ఐదో తరం ల్యాప్‌టాప్‌లకి మామూలుగా పడేది డీడీఆర్3ఎల్ రకం ర్యామ్, చివర ‘ఎల్’ చూసి కొను.

ఐదో తరానికి విండోస్ 11 అధికారికంగా లేదు. విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అందుకే విండోస్ బదులు తేలికగా నడిచే లైనక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ వేసుకో. స్టూడియో బదులు వీఎస్ కోడ్ అనే తేలికైన ఎడిటర్‌లో ఫ్లట్టర్ (యాప్‌లు కట్టే గూగుల్ టూల్‌కిట్) పెట్టుకో, ఆండ్రాయిడ్ ఎస్‌డీకేకి (యాప్ తయారీకి కావాల్సిన ఆండ్రాయిడ్ సరంజామా) కమాండ్ లైన్ టూల్స్ చాలు. మొదటి బిల్డ్ ఆలస్యమే. ఆ తర్వాత హాట్ రీలోడ్‌తో మార్పు వెంటనే ఫోన్‌లో కనిపిస్తుంది. ఒక్క యాప్ కూడా పూర్తి కాకుండా నాన్న జీతం మీద వాయిదా పెట్టొద్దు తమ్ముడూ.

పటమట డెవలపర్:
ఫోన్ సంగతి ఒప్పుకుంటా. ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటే? మన బెజవాడ ఎండలకి పాత ల్యాప్‌టాప్ వేడెక్కితే ప్రాసెసర్ తనే వేగం తగ్గించుకుంటుంది. పైగా రేపు ఆండ్రాయిడ్ ఉద్యోగానికి కోట్లిన్ భాష, దానితో యాప్ తెరలు కట్టే జెట్‌ప్యాక్ కంపోజ్ అడిగితే స్టూడియో దాదాపు తప్పదు.

గవర్నరుపేట:
అతికించి ఉంటే నాదీ మీ మాటే అన్నా. అందుకే వెనక మూత విప్పి చూశాకే డబ్బు పెట్టాలి. వేడికి ఫ్యాన్‌లో దుమ్ము తీయించి ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ మార్పిస్తే చాలా తేడా వస్తుంది. ఉద్యోగం మాట వచ్చినప్పుడు మిషన్ మాట.

బ్రాడీపేట విద్యార్థి:
మూత విప్పించా. ర్యామ్ స్లాట్లు రెండు, ఒకటి ఖాళీ! నాన్నని ఆరు నెలలు ఆగమన్నా. పటమట అన్నా, కోట్లిన్ దగ్గరికి వచ్చాక మళ్లీ మిమ్మల్నే అడుగుతా.