కాంట్ చెప్పిందీ శంకరుడు చెప్పిందీ ఒకటేనా?

పగటికల:
ఫిలాసఫీ ఆప్షనల్ చదువుతున్నా. పొద్దున జర్మన్ తత్వవేత్త కాంట్, సాయంత్రం శంకరుడి అద్వైతం, రెండూ కలిసిపోయి బుర్ర వేడెక్కిపోతోంది. మనకి కనపడేది వేరు అసలు వస్తువు వేరు అని కాంట్ అంటాడు, వ్యావహారికం (రోజువారీ అనుభవంలో నిజం) వేరు పారమార్థికం (అంతిమ నిజం) వేరు అని శంకరుడు అంటాడు, మరి రెండూ ఒకటే కదా? యూట్యూబ్‌లో ఒకాయనైతే జర్మన్లంతా మన ఉపనిషత్తులు కాపీ కొట్టారని ఊదరగొట్టేస్తున్నాడు. కాంట్ తర్వాత వచ్చిన జర్మన్ తత్వవేత్త షోపెన్‌హావర్ సిలబస్‌లో లేడు గానీ ఎక్కడ చూసినా ఆయన పేరే. ఇందులో నిజమెంత, ఆన్సర్లో రెండిటినీ పోల్చి రాయొచ్చా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

అటకమీదిపుస్తకం:
కాంట్ విషయంలో కాపీ అనే మాటే కుదరదండి, డేట్లు చూస్తే చాలు. ఆయన పెద్ద పుస్తకం, క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్, 1781లో వచ్చింది. ఉపనిషత్తులు యూరప్ చదువరుల చేతికి అందింది 1801-02లో, అదీ ఎలాగంటే షాజహాన్ కొడుకు దారా షికో 1657లో కాశీ పండితుల్ని కూర్చోబెట్టుకుని యాభై ఉపనిషత్తులు పారశీకంలోకి చేయించాడు, దాన్ని ఆంకెతీల్ దుపెరాన్ అనే ఫ్రెంచాయన లాటిన్‌లోకి మార్చాడు. అంటే అనువాదానికి అనువాదం, మధ్యలో వ్యాఖ్యానం ముక్కలు కూడా మూలంలో కలిసిపోయాయి. 1814లో షోపెన్‌హావర్ వైమార్ లైబ్రరీ నుంచి ఇంటికి తెచ్చుకున్నది ఆ పుస్తకమే. తర్వాత జీవితాంతం వదల్లేదు, కుక్కకి కూడా ఆత్మ అని పేరు పెట్టుకున్నాడు 😄. కాబట్టి ఉపనిషత్తుల ప్రభావం అంటే షోపెన్‌హావర్ దగ్గర మాట్లాడుకోవాలి, కాంట్ దగ్గర కాదు.

తర్కపిచ్చి:
పైన చెప్పింది కరెక్ట్. కానీ ఎవరు ఎవర్నుంచి తీసుకున్నారు అన్నది పక్కన పెట్టినా, పోలిక మాత్రం ఊరికే కొట్టిపారేసేది కాదు బ్రో. నాకు బాగా నచ్చే చోటు ఒకటుంది. నువ్వు ప్రపంచాన్ని కల అంటున్నావు కదా అని విమర్శిస్తే ఇద్దరికీ ఒళ్లు మండుతుంది. కాంట్ 1787 రెండో ఎడిషన్‌లో ఐడియలిజాన్ని (బయటి వస్తువులు లేవు, లేదా ఉన్నాయో లేదో అనుమానమే అనే వాదాన్ని) ఖండిస్తూ ప్రత్యేకంగా ఒక భాగం కలిపాడు. శంకరుడు బ్రహ్మసూత్రం 2.2.28 ‘నాభావ ఉపలబ్ధేః’ దగ్గర అంతా మనసే, బయట వస్తువులు లేవు అనే విజ్ఞానవాద బౌద్ధుల్ని పట్టుకుని, బయటి వస్తువు కళ్లెదుట తెలుస్తూ ఉంటే లేదంటావేంటి అని వాయిస్తాడు, ఆ వెంటనే 29లో మెలకువ కల లాంటిది కాదు అంటాడు. ఇది ఆన్సర్లో రాస్తే చదివేవాళ్లు ఆగుతారు.

తేడా ఎక్కడంటే, కాంట్‌కి అసలు వస్తువు ఎప్పటికీ తెలియదు, మన తెలివి దేశం, కాలం, కార్యకారణం అనే చట్రం దాటి పోలేదు, అక్కడితో సరి. శంకరుడు అక్కడ ఆగడు. బ్రహ్మం బయట ఎక్కడో ఉన్న వస్తువైతే కదా తెలియకపోవడానికి, అది నువ్వే, అందుకే అపరోక్షంగా (నేరుగా) తెలుస్తుంది అంటాడు. ఒకాయన జ్ఞానానికి హద్దు గీస్తున్నాడు, ఇంకొకాయన మోక్షానికి దారి చెప్తున్నాడు, పని వేరు. రెండూ ఒకటే అని రాశావో మార్కులు పోయినట్టే.

సాంఖ్యమే_చాలు:
అందరూ షోపెన్‌హావర్‌ని వేదాంతం పక్కన కూర్చోబెడతారు, నాకు మాత్రం అది ఎప్పుడూ అతకలేదు. ఆయన ప్రపంచానికి మూలమని చెప్పే సంకల్పశక్తి (విల్) గుడ్డిది, తీరని దాహం, ప్రపంచంలో బాధంతా దాన్నుంచే. తైత్తిరీయ ఉపనిషత్తు బ్రహ్మాన్ని ఆనందం అంటుంది. ఈ రెండూ ఎలా ఒకటవుతాయండీ? బుద్ధుడి తృష్ణ అంటే కొంత నయం, సాంఖ్యుల ప్రకృతి (ప్రపంచానికి జడమైన మూలం) అంటే ఇంకా దగ్గర. సాంఖ్యుల గ్రంథం సాంఖ్యకారిక 21లో పురుషుడు (చైతన్యం) ప్రకృతి కలవడాన్ని ‘పంగ్వంధవత్’ అంటాడు, కుంటివాడూ గుడ్డివాడూ జత కట్టినట్టు. షోపెన్‌హావర్ తన పెద్ద పుస్తకం ‘ది వరల్డ్ యాజ్ విల్ అండ్ రిప్రజెంటేషన్’కి 1844లో వేసిన రెండో సంపుటంలో, బలమైన గుడ్డివాడు చూపున్న కుంటివాణ్ని భుజాన మోస్తున్నాడు అని సంకల్పానికీ బుద్ధికీ ఇదే పోలిక వాడతాడు. కాకపోతే సాంఖ్యంలో బుద్ధి కూడా ప్రకృతి వైపే లెక్క, పురుషుడు ఉత్త సాక్షి. ఆయన కుంటివాడు మన కుంటివాడు కాదన్నమాట.

పగటికల:
అబ్బ, ఇది ఏ నోట్స్‌లోనూ లేదు, థాంక్సండి. ఇంకో జర్మన్ తత్వవేత్త హెగెల్ సంగతేంటి? ఆయనకి మనమంటే చిన్నచూపు అంటారు?

అటకమీదిపుస్తకం:
చిన్నచూపే. జర్మన్ పండితుడు హంబోల్ట్ గీత మీద ఇచ్చిన ఉపన్యాసాలని 1827లో రివ్యూ చేస్తూ, ఈ యోగం మనసుని ఖాళీ చేసుకోవడమే, ఈ బ్రహ్మం లోపల ఏమీ లేని శూన్యం అన్న ధోరణిలో రాశాడు. అయితే ఇంగ్లీషు సంస్కృత పండితుడు కోల్‌బ్రూక్ సాంఖ్యం, న్యాయం మీద రాసిన వ్యాసాలు చదివాక, ఇక్కడా అసలైన తత్వచింతన ఉందని ఒప్పుకోక తప్పలేదు.

తర్కపిచ్చి:
ఇంకో తమాషా. తత్త్వమసి (అది నువ్వే) కాబట్టి పక్కవాణ్ని ప్రేమించు, వాడూ నువ్వే అని మనం ఇప్పుడు మామూలుగా అనేస్తాం కదా. పాల్ హాకర్ అనే జర్మన్ ఇండాలజిస్ట్ వాదన ఏంటంటే ఆ వాక్యంలోంచి నీతి తీయడం శంకరుడి పని కాదు, షోపెన్‌హావర్ కరుణకి దాన్ని ఆధారం చేశాడు, ఆయన శిష్యపరంపరలోని పాల్ డాయిసన్ 1893లో బొంబాయి వచ్చి అదే చెప్పాడు, 1896లో జర్మనీలోని కీల్‌లో వివేకానందుడు డాయిసన్‌ని కలిశాడు, అలా అది తిరుగు టపాలో మనకొచ్చింది అని.

సాంఖ్యమే_చాలు:
ఆ వాదన నేను ఒప్పుకోను. ఈశావాస్యం ఆరో మంత్రంలో అన్ని ప్రాణుల్నీ తనలో చూసుకునేవాడు దేన్నీ అసహ్యించుకోడు అనే ఉంది, గీత 6.32లో ఆత్మౌపమ్యేన అని ఉండనే ఉంది, దాని మీద శంకరుడి భాష్యమే తీసి చూడండి, తనకి ఏది సుఖమో ఏది దుఃఖమో అందరికీ అదే అని చూసేవాడు ఎవరికీ హాని చేయడు అంటాడు. దీనికి డాయిసన్ ఎందుకు?

తర్కపిచ్చి:
గీత భాష్యం వరకు ఓకే, అక్కడ మీదే పైచేయి. కానీ హాకర్ అడిగింది తత్త్వమసి గురించి. అది వచ్చే ఛాందోగ్య ఉపనిషత్తు ఆరో అధ్యాయం భాష్యంలో ఆ వాక్యం దగ్గర శంకరుడు కరుణ మాట ఎత్తిన చోటు చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం.