బెలూన్ మీద చేసిన పేపర్ బకెట్ కుంగిపోతోంది, హాలోవీన్‌కి ఎలా?

బెల్‌వ్యూ అమ్మ:
నిన్న సాయంత్రం నుంచి దీంతోనే సరిపోయింది. పిల్లలతో క్యాండీ బకెట్ చేయిద్దామని బెలూన్ మీద పేపర్ ముక్కలు అంటించాం. పైన గట్టిగానే ఉంది. సూదితో బెలూన్ పగలగొట్టామో లేదో, ఒక పక్క లోపలికి కుంగిపోయింది. రెండోదీ అంతే, పైగా ఒళ్ళంతా ముడతలు. అక్టోబర్ 31 దగ్గర పడింది, త్వరగా చెప్పండి ప్లీజ్.

కత్తెర:
ఎన్ని పొరలు? ఏ జిగురు? ఎక్కడ ఆరబెట్టారు? ఏమీ చెప్పకుండా త్వరగా అంటే ఎలా?

ఎడిసన్ బాబాయ్:
జిగురే అసలు సంగతి అమ్మా. పచ్చి పిండి నీళ్ళలో కలిపి పూస్తే అంతే అవుతుంది. ఉడికించాలి. అర కప్పు మైదా అర కప్పు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న రెండు కప్పుల నీళ్ళలో పోసి, రెండు మూడు నిమిషాలు తిప్పుతూ ఉండాలి. చిక్కబడ్డాక దించి చల్లార్చండి. మన దగ్గర గోడల మీద సినిమా పోస్టర్లు నిలబెట్టింది ఈ జిగురే. పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం వేసేవాళ్ళు.

కత్తెర:
మైలుతుత్తం విషం. పిల్లలు చేతులు ముంచే గిన్నెలోకి అది రానే కూడదు.

ఎడిసన్ బాబాయ్:
నేను వెయ్యమన్నానా? పోస్టర్ల సంగతి చెప్పానంతే. బూజు భయముంటే ఒక చెంచా ఉప్పు వేసుకోండి.

రంగులడబ్బా:
సియాటిల్ వైపు అక్టోబర్ తేమకి ఉప్పు వద్దు. అది గాలిలో చెమ్మ లాక్కుంటుంది, ఇంకా ఆలస్యంగా ఆరుతుంది. రెండు వంతులు తెల్ల గ్లూ, ఒక వంతు నీళ్ళు చాలు.

బెల్‌వ్యూ అమ్మ:
జిగురు మైదాదే, ఉడికించలేదు. నాలుగు పొరలు, అన్నీ ఒకేసారి వేశాం. పేపర్ అంటే షాపుల వాళ్ళు పంపే రంగుల ప్రకటనలు. రాత్రంతా గరాజ్‌లో పెట్టాం. పొద్దున చూస్తే ఆరిపోయింది కూడా.

రంగులడబ్బా:
ఆరలేదండీ. పై పొర మాత్రం ఆరింది. నునుపు కాగితం జిగురు పీల్చదు, పైగా నాలుగు పొరలు ఒకేసారి వేస్తే లోపలి తడికి దారి ఉండదు. చెంపకి ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడే. వేలితో కొడితే డొల్ల చప్పుడు రావాలి.

ఇక గరాజ్. రాత్రి చలికి బెలూన్‌లో గాలి కుంచించుకుపోతుంది. 20 డిగ్రీల సెల్సియస్ నుంచి 8కి దిగితే ఘనపరిమాణం సుమారు 4 శాతం తగ్గుతుంది. తడి కాగితం దాంతోపాటే లోపలికి జారుతుంది, మీ ముడతలు అవే. ఇంట్లోనే, ఫ్యాన్ ఎదురుగా, ముడి పైకి ఉండేలా గిన్నెలో నిలబెట్టండి. మధ్యమధ్యలో తిప్పుతూ ఉండాలి.

మళ్ళీ చేస్తే మామూలు న్యూస్‌పేపర్ తీసుకోండి. అంగుళం వెడల్పు, ఐదారు అంగుళాల పొడవు ముక్కలు కత్తిరించకుండా చింపండి, చింపిన అంచు పలచగా ఉండి అతుకు కనబడదు. ఒక పొర నిలువుగా, తర్వాతది అడ్డంగా. ఒకటి న్యూస్‌పేపర్, ఒకటి గోధుమరంగు కిరాణా సంచీ కాగితం అయితే ఎక్కడ వదిలేశారో పిల్లలకే తెలిసిపోతుంది. పొర పొరకీ ఒక రోజు ఆరాలి. బెలూన్‌కి ముందే పల్చగా వాజిలిన్ రాయండి. చివర్లో సూదితో పొడవొద్దు, ముడి పక్కన కత్తెరతో చిన్న గాటు పెడితే గాలి మెల్లగా దిగి బెలూన్ దానంతటదే ఊడి వస్తుంది.

కత్తెర:
ఆ బెలూన్ ముక్కలు వెంటనే చెత్తలో వేయండి. చిన్నపిల్లల గొంతులో ఇరుక్కుంటాయి.

ఫ్రిస్కో పిన్ని:
గోధుమ అలర్జీ ఉన్న పిల్లల సంగతి ఎవరూ ఎత్తరేం? మైదా జిగురు బకెట్‌లో క్యాండీ పోసిస్తారా? బకెట్‌కి టీల్ రంగు, అంటే నీలం ఆకుపచ్చ కలిసిన రంగు వేయండి, అలర్జీ ఉందని అందరికీ తెలుస్తుంది.

రంగులడబ్బా:
టీల్ గుమ్మడికాయ పెట్టేది ఇంటి గుమ్మం దగ్గరండీ, 'మా దగ్గర తినేవి కాని బహుమతులు కూడా ఉన్నాయి' అని చెప్పడానికి. ఆహార అలర్జీల మీద పనిచేసే ఫేర్ (FARE) సంస్థ 2014లో అమెరికా అంతటా మొదలుపెట్టింది అదే. జిగురు మాట మాత్రం నిజం, అలర్జీ ఉంటే మైదా మానేసి గ్లూ వాడాలి.

ఫ్రిస్కో పిన్ని:
మా వీధిలో టీల్ బకెట్లు పట్టుకునే వస్తారు పిల్లలు.

కత్తెర:
రావచ్చు. ఆమె అడిగింది అది కాదు. రోజుకో పొర, ఆపైన రంగు అంటే 31కి ఇది అయ్యేది కాదు. గ్యాలన్ పాల డబ్బా తీసుకోండి. సబ్బుతో కడిగి, రెండు చెంచాల బేకింగ్ సోడా వేసి రాత్రంతా నీళ్ళు నింపి ఉంచితే వాసన పోతుంది. పిడి వదిలేసి, ఎదుటి పక్క పైభాగంలో చెయ్యి పట్టేంత నోరు కోయండి. కోసేది పెద్దవాళ్ళే. అంచుకి టేప్ చుట్టండి, కోసుకుంటుంది. నల్ల పర్మనెంట్ మార్కర్‌తో దయ్యం కళ్ళూ నోరూ పిల్లలు గీస్తారు. లోపల బ్యాటరీ దీపం. కొవ్వొత్తి వద్దు.

ఎడిసన్ బాబాయ్:
దానికి నారింజ రంగు వేస్తే గుమ్మడికాయే కదా.

రంగులడబ్బా:
ఆ ప్లాస్టిక్ మీద అక్రిలిక్ నిలవదు, వంచితే పొరలుగా ఊడుతుంది. 220 నంబర్ గరుకు కాగితంతో రుద్ది, ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టాకే రంగు. ఇంత తక్కువ టైంలో తెల్ల దయ్యమే నయం.

బెల్‌వ్యూ అమ్మ:
సరే, పెద్దోడికి పాల డబ్బా. చిన్నది పేపర్‌దే కావాలంటోంది, దానికి రెండు పొరలతో సరిపెడితే ఆగుతుందా? పిడికి పైప్ క్లీనర్, అదే నూగు చుట్టిన మెత్తటి తీగ, చాలా?

కత్తెర:
చాలదు, కన్నం చిరుగుతుంది. రిబ్బన్ అడుగు కిందుగా చుట్టి రెండు పక్కలా పైకి తీయండి, బరువు అడుగు మీద పడుతుంది.

బెల్‌వ్యూ అమ్మ:
థాంక్సండీ. రెండు పొరల సంగతి?