సాలీడు కుట్టిందా, కరిచిందా?

మా పాప సైన్సు ప్రాజెక్టులో "సాలీడు ఈగను కుట్టి చంపును" అని రాస్తే, టీచరుగారు "కుట్టి" కొట్టేసి "కరిచి" అని దిద్దారు. తేలు, తేనెటీగ, చీమ, దోమ కుడతాయి. పాము, కుక్క కరుస్తాయి. మరి సాలీడు ఎటువైపు?

జవాబు: టీచరుగారిదే రైటు. "తలనుండు విషము ఫణికిని" పద్యం తెలుసుగా? తేలుకు తోకలో, పాముకు తలలో. సాలీడుది పాము పక్షం. నోటి ముందు రెండు కోరలు, వాటి కొసల దగ్గర సన్నని రంధ్రాలు.

జవాబు: తల, తోక లెక్కేస్తే దోమ ఎక్కడికి పోతుంది మాస్టారూ? దానిదీ నోరే, అయినా కుడుతుంది. సూదిలా గుచ్చితే కుట్టడం, పట్టుకుంటే కరవడం అంటాను నేను. ఇంటి సాలీళ్ల కోరలు పటకారులా ఎదురెదురుగా మూసుకుంటాయి కాబట్టి కరవడమే. మన గుత్తి పేరు మోస్తున్న నీలం సాలీడు కోరలు మాత్రం పక్కపక్కనే కిందికి దిగుతాయి, దాని దగ్గర నా లెక్క కొంచెం తడబడుతుంది. అయినా నేసేవాడు సాలె, కుట్టేవాడు దర్జీ కదండీ!

జవాబు: నా పేచీ "చంపును" దగ్గర. కరవగానే ఈగ చావదు, చచ్చుబడుతుంది. ఎంత సరైన మాటో చూడండి. మన నరం కండరానికి ఒక రసాయనంతో, అంటే ఎసిటైల్‌కోలిన్‌తో కబురు పంపితే, పురుగుల్లో ఆ పని గ్లుటమేట్‌ది. జపాన్‌లోని జోరో సాలీడు విషంలో ఉండే పాలీఅమీన్ అనే ఒక చిన్న రసాయనం, కండరం మీద ఆ గ్లుటమేట్ కబురు అందుకునే ద్వారాల్లో బిరడాలా ఇరుక్కుంటుంది. కబురు అందక కాళ్లు పడిపోతాయి. ఆస్ట్రేలియా బ్లూ మౌంటెన్స్ ఫనెల్‌వెబ్ సాలీడుది ఇంకో దారి. 37 అమైనో ఆమ్లాల చిన్న పెప్టైడ్, అంటే బుల్లి ప్రొటీన్ లాంటిది, పురుగు నరాల్లో కాల్షియం లోపలికి వచ్చే ద్వారాలను మూస్తుంది. మూడు గంధకపు బంధాలు దాన్ని ముడేసి ఉంచుతాయి, అందుకే ఎంజైములు తొందరగా విప్పలేవు. ఆ సాలీడు విషం ఆధారంగా అమెరికాలో పురుగుమందు కూడా వచ్చింది. ఇక "తింటుంది" అని రాసి ఉంటే అదీ దిద్దండి. జీర్ణరసం కక్కి, ఈగను కరిగించి జుర్రుకుంటుంది.

అందరికీ థాంక్స్. "సాలీడు ఈగను కరిచి, చచ్చుబడేలా చేసి, కరిగించి జుర్రుకుంటుంది" అని మార్చాం. మా అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "మా దిక్కు అన్నీ కుడతయ్" అంది.